సగటు జంతువుకు తగిన తూటా

పనసలపాడుకు తుపాకీ వచ్చిన రోజున దమయంతి ఒకే పూటలో మూడుసార్లు భయపడింది.

కొడుకు వల్లభరావు ఖాకీ చొక్కా తొడుక్కుని, తుపాకీ భుజానేసుకుని వాకిట్లో నిలబడగానే, అది ఎక్కడ పేలిపోతుందోనని మొదటిసారి భయపడింది. కోళ్లగూటి చాటుకు జరిగి, "ఒరే, ఆ మూతి అటు తిప్పరా నాయినా, నాకేసే సూస్తంది" అంది.

"తూటాల్లేవమ్మా. వట్టి గొట్టమే" అని నవ్వాడు వల్లభుడు.

దమయంతి ఊపిరి పీల్చుకుంది. పీల్చిన ఊపిరి వదలకముందే రెండో భయం పట్టుకుంది. తూటాల్లేని తుపాకీతో వీడు జీడితోటల్లో ఎలుగుబంటికి ఎదురుపడితే? కర్ర పట్టుకున్నవాడైతే పరిగెత్తి పారిపోతాడు. తుపాకీ పట్టుకున్నవాడు పరిగెత్తడు, పరువు అడ్డమొస్తుంది.

"మరి తూటాలు ఎప్పుడిస్తారట?"

"ఏ తూటా మంచిదో తేల్చడానికి సంఘం వేసినారమ్మా. తేల్చీసి పంపుతారు."

సంఘం అన్న మాట చెవిన పడగానే మూడో భయం వచ్చింది. ఇది మొదటి రెండింటి లాంటిది కాదు. ఎలుగుబంటి మీద పడితే అటో ఇటో అక్కడికక్కడే తేలిపోతుంది. సంఘం మీద పడితే ఏదీ తేలదని దమయంతికి అనుభవం. భర్త కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డప్పుడు ఊరికి మంచినీళ్లు తేవడానికి ఒక సంఘం వేశారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. సంఘం మాత్రం ఆరోగ్యంగా ఉంది.

మృగ నివారణ శాఖ అని ఒకటి కొత్తగా పుట్టింది. పంట తినే జింకలను, మనుషుల మీద పడే ఎలుగులను అవసరమైతే కాల్చవచ్చని దానికి ప్రత్యేక అనుమతి ఉంది. ఆ శాఖ ఊరికో షూటర్ని పెట్టింది. తండ్రి పోయాక మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన వల్లభుడికి దొరికిన ఉద్యోగం అదే. వద్దని దమయంతి అనలేకపోయింది. సరేననీ అనలేకపోయింది. వాడు గుమ్మం దాటినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా తాను వీధి అరుగు మీద కూర్చోవడం ఒక్కటే ఆమె చేయగలిగింది.

ఆ కూర్చోవడానికి ఇన్నాళ్లూ ఒక ఆధారం ఉండేది. ఉద్దానంలో జీడిమామిడి పళ్లు రాలే కాలం వచ్చిందంటే, పనసకాయలు పండి వాసన కొట్టాయంటే, తోటల్లోకి ఎలుగు దిగుతుంది. దాన్ని పేరు పెట్టి పిలవరు, నల్లోడు అంటారు. నల్లోడికి మనిషి మీద పగేమీ లేదు. పండు తింటూ తలెత్తేసరికి మనిషి ఎదురుగా ఉంటే మాత్రం బెదిరిపోతుంది, బెదిరి మీద పడుతుంది. అందుకని తోటలోకి అడుగు పెట్టేవాళ్లు ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో వాయించుకుంటూ, "వస్తన్నామర్రా! తప్పుకోండి!" అని కేకేస్తూ పోతారు. అది విని నల్లోడు తన దారిన తాను పోతుంది. తాతల నాటి ఏర్పాటు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు కూడా ఆ చప్పుడు వినిపిస్తుంటుంది. డబ్బా మోగుతోందంటే మన మనిషి బతికి ఉన్నాడని అర్థం.

నెల తిరిగినా తూటాలు రాలేదు. సంఘం సమావేశానికి తుపాకీతో సహా హాజరు కావాలని వల్లభుడికి కబురొచ్చింది. "తుపాకీ ఉన్న గదిలో అంతమంది పెద్దోళ్లు, ఏటవుద్దో ఏటో" అని దమయంతి అన్నం క్యారేజీ పట్టుకుని వెనకే వెళ్లింది. గది తలుపు దగ్గర నిలబడితే ఎవరూ పొమ్మనలేదు. ఆఫీసుల్లో తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు ఎవరికీ కనబడరు.

పెద్ద కుర్చీలో డివిజన్ అధికారి భుజంగరావు కూర్చున్నాడు. సంఘానికి అధ్యక్షుడు ఆయనే. నిండైన మనిషి. ఆయన మాట్లాడితే మాటల మీద ముద్ర కొట్టినట్టు ఉండేది. ఆయనకు కుడివైపు జింకల నిపుణుడు, సన్నగా, మెడ చాచి. ఎడమవైపు ఎలుగుల నిపుణుడు, బుర్ర మీసాలతో. మూలన గుమాస్తా త్రినాథరావు, ముందు పేజీల నంబర్లు వేసిన పెద్ద పుస్తకం. సభలో ఎవరు ఏమన్నా రాయడం ఆయన పని. ఎవరు దగ్గినా రాసేవాడు. రాసింది కొట్టేయడానికి వీల్లేదు. సభా నివేదికల్లో కొట్టివేతలు, దిద్దుబాట్లు నిషేధమని ఉత్తర్వు వేసింది భుజంగరావే. ఆ ఉత్తర్వును అద్దం కట్టించి గోడకు తగిలించారు.

"తూటా అనగా గొట్టము, అందు మందు, దాని ముందు గుండు" అని ఆరంభించాడు భుజంగరావు. "ప్రస్తుత సమస్య గుండును గూర్చి అయి ఉన్నది."

జింకల నిపుణుడు లేచాడు. "సర్, జింకది పలచని ఒళ్లు. దానికి తేలికైన, వేగమైన గుండు కావాలి. బరువు గుండు వేస్తే అది జింకలో ఇటు దూరి అటు పోయి పక్క ఊళ్లో పడుతుంది."

ఎలుగుల నిపుణుడు కుర్చీలోంచే గర్జించాడు. "ఆ తేలిక గుండు ఎలుగు మీద వేసి చూడండి! దాని బొచ్చు, కొవ్వు, ఆ భుజాల కండ దాటక ముందే చితికిపోతుంది. అది చావదు సరికదా, ఎవడ్రా గిల్లిందని వెనక్కి తిరుగుతుంది. ఎలుగుకి బరువైన గుండే ఉండాలి."

దమయంతికి ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఆమె చదివింది ఏడో తరగతే అయినా ఆ సమస్యకు జవాబు వంటింట్లోనే ఉంది. పప్పుకో గరిటె, అట్టుకో గరిటె.

"బాబూ, రెండు రకాలూ ఇచ్చీరాదేటి?" అంది తలుపు దగ్గర నుంచి. "జింకకి తేలికది, నల్లోడికి బరువుది. మావోడికి రెండు జేబులున్నాయి."

అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. త్రినాథరావు కలం మాత్రం కదిలింది. తలుపు వద్ద ఒక స్త్రీ మాట్లాడెను అని రాసుకున్నాడు.

భుజంగరావు దయగా నవ్వాడు. "అమ్మా, మీకు తెలియదు. ఒక తుపాకీ, ఒక తూటా. ఇది శాఖ మూల సూత్రం. రెండు రకాలు ఇచ్చితిమా, ఏది ఎప్పుడు వాడవలెనను విచక్షణను షూటరుకు అప్పగించినట్లగును. విచక్షణ అనునది గెజిటెడ్ హోదాకు దిగువన లేదు."

"మరి ఒకే తూటా అయితే ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ అవదా బాబూ?"

"అందుకే సగటు" అన్నాడు భుజంగరావు.

ఆ మాట అనగానే ఆయన మొహంలో వెలుగు వచ్చింది. అంతకుముందు ఆయనకు కూడా ఆ ఆలోచన లేదని దమయంతికి అనిపించింది. కానీ నోట్లోంచి వచ్చేసింది, త్రినాథరావు రాసేశాడు, ఇక అది విధానం.

"జింక బరువెంత?"

"సగటున నలభై ఎనిమిది కిలోలు సర్."

"ఎలుగు?"

"నూట ఇరవై."

భుజంగరావు కాగితం మీద కూడాడు, సగం చేశాడు, కలం మూత పెట్టాడు. "ఎనభై నాలుగు. ఈ డివిజనులోని సగటు జంతువు ఎనభై నాలుగు కిలోలది. ఆ జంతువుకు మిక్కిలి అనువైన తూటాను ఎంపిక చేయుటకు సంఘము ఏకగ్రీవముగా తీర్మానించుచున్నది."

నిపుణులిద్దరూ బల్ల చరిచారు. సగం సగం గెలిచామని ఇద్దరికీ సంతోషం.

"ఆ జంతువు ఎలగుంటాది బాబూ?" అని అడిగింది దమయంతి. కొడుకు తోటలో ఎదురుపడబోయే దాని గురించి తెలుసుకోవడం తల్లి ధర్మం కదా.

"ఎలా ఉండునో షూటరు కనిపెట్టి నివేదించును" అన్నాడు భుజంగరావు.

పదిరోజులకు తూటాలు వచ్చాయి. చిన్న అట్టపెట్టె, నాలుగు వైపులా లక్క ముద్రలు. దానికి పిన్ను గుచ్చి రెండు ఉత్తర్వులు. సగటు జంతువు మీద ప్రయోగించి ఫలితం తేలేవరకు పెట్టె ముద్రలు విప్పరాదని మొదటిది. ప్రయోగం ఎలా చేయాలంటే పెట్టె విప్పాలి కదా అని వల్లభుడు అడిగితే, సగటు జంతువు కనబడగానే నాలుగో నమూనా పత్రం నింపి పంపితే, సంఘం వచ్చి సాక్షుల ఎదుట విప్పుతుందని చెప్పారు. అంతవరకు ఆ జంతువు ఎక్కడ నిలబడాలన్నది ఉత్తర్వులో లేదు.

దమయంతి గుండెలో రాయి పడింది మాత్రం రెండో ఉత్తర్వుతో.

"సగటు జంతువు స్వభావము తెలియనందున, అది బెదరకుండునట్లు తోటలయందు డబ్బా వాయించుట, కేకలు వేయుట నిషేధించడమైనది."

ఆ రోజు నుంచి తోటలు మూగబోయాయి. వల్లభుడు పొద్దున్నే సద్దన్నం తిని, భుజాన ఖాళీ తుపాకీ, చంకలో ముద్రల పెట్టె, జేబులో పత్రాల కట్ట పెట్టుకుని, చప్పుడు కాకుండా ఉండేందుకు చెప్పులు కూడా విప్పి తోటలోకి వెళ్లేవాడు. దమయంతి అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించేది. గాలి, ఆకులు, అంతే. వాడు నడుస్తున్నాడో, పడి ఉన్నాడో చెప్పే చప్పుడు లేదు. మధ్యాహ్నం వాడు తిరిగొచ్చేలోపు ఆమె మనసులో వాడిని ఎన్ని విధాలుగా ఎలుగు చీల్చిందో లెక్కలేదు. ఒకరోజు తోటలోంచి గద్ద అరిస్తే వాడి గొంతే అనుకుని సగం దారి పరిగెత్తింది.

"ఏటే దమయంతీ" అనేది ఎదురింటి కాంతమ్మ జీడిపిక్కలు ఒలుస్తూ. "మీవోడికి సగటు జంతువు దొరికిందేటి? దొరక్కపోతే మా ఆయన్ని తోలుకెళ్లమను. సగం మనిషి, సగం గొడ్డు. సరిగ్గా సరిపోతాడు."

"నీకు నవ్వులాటగా ఉంది కాంతమ్మొదినా. నాకు పేగులు లాగేస్తన్నాయి."

కాంతమ్మ నవ్వు కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. ఆమె మరిది జోగులు డబ్బా లేకుండా పనసచెట్టు మలుపు తిరిగాడు. నల్లోడు అక్కడే ఉంది. భుజం మీద నాలుగు గాట్లు పడ్డాయి, ప్రాణం దక్కింది. శాఖవారు వెంటనే స్పందించారు. జోగులుని గాయపరిచిన జంతువు బరువెంతని వల్లభుడిని లిఖితపూర్వకంగా అడిగారు.

దాంతోపాటు ఇంకో కాగితం కూడా వచ్చింది. ఇరవై రెండు రోజులుగా వల్లభుడు "సగటు జంతువు కనబడలేదు" అని మాత్రమే రాస్తున్నాడట. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిన జంతువు కనబడకపోవడం విధి నిర్వహణలో అలసత్వమట. ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పాలట.

"లేని జంతువుని నానెక్కడినుంచి తెచ్చేదమ్మా?" వల్లభుడు గోడకు చేరగిలబడ్డాడు. "మధ్యాన్నం కూడా తోటలోనే కూకుంటాను. ఏదో ఒకటి కనబడకపోదు."

"కనబడితే ఏటి సేస్తావురా? పత్రం నింపుతావా?"

దమయంతి అటక మీద నుంచి పాత నూనె డబ్బా దించి, మసి తుడిచి, మంచం కింద పెట్టుకుంది.

సంజాయిషీకి జవాబుగా సంఘమే స్వయంగా తోటకు వస్తోందని కబురొచ్చింది. సగటు జంతువును కనిపెట్టే పద్ధతి షూటరుకు చూపిస్తారట. ఉదయం ఎనిమిది గంటలకు రెండు జీపులు వచ్చాయి. భుజంగరావు, ఇద్దరు నిపుణులు, పుస్తకంతో త్రినాథరావు, వాళ్ల వెనక జీడిపిక్కల షావుకారు దగ్గర అడిగి తెచ్చిన పెద్ద కాటా. జంతువు దొరకగానే తూచాలి కదా.

అందరూ పిల్లుల్లా అడుగులో అడుగు వేసుకుంటూ తోటలోకి నడిచారు. వల్లభుడు ముందు. దమయంతి వెనక, చీర కొంగు కింద ఏదో దాచుకుని, కడుపుతో ఉన్న మనిషిలా నడుస్తోంది. మనసులో ఆమె అప్పటికే అందరికీ పాడెలు కట్టేసింది.

పనసచెట్టు పక్కన కాస్త చదునుగా ఉన్న చోట కాటా దించారు.

"తూకము సరిగా ఉన్నదో లేదో ముందుగా ఒక ప్రాణితో పరీక్షించవలెను" అన్నాడు భుజంగరావు గొంతు తగ్గించి. అధికారం తనదే కాబట్టి ఆయనే కాటా ఎక్కాడు.

ముల్లు ఊగింది, ఊగి ఊగి నిలబడింది. జింకల నిపుణుడు మెడ చాచి చూశాడు. ఎలుగుల నిపుణుడు మీసం పట్టుకుని చూశాడు.

"ఎనభై నాలుగు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఇద్దరూ ఒక అంకె మీద కలవడం ఆ సంఘం చరిత్రలో అదే మొదలు.

వల్లభుడు తన పాదాలకేసి చూసుకున్నాడు.

"సర్" అన్నాడు జింకల నిపుణుడు. "శాస్త్రం ప్రకారం చెప్పాలంటే, మనం ఎంపిక చేసిన తూటా మిక్కిలి అనువైనది..."

"రాయవద్దు" అన్నాడు భుజంగరావు.

"రాయవద్దు" అని త్రినాథరావు రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పనసచెట్టు వెనక ఆకులు కదిలాయి. నల్లటి మోర, దాని చుట్టూ పనసతొనల జిగురు. నల్లోడు తలెత్తి ఆరుగురినీ చూసింది. తింటుండగా ఇంతమంది చప్పుడు లేకుండా వచ్చి మీద నిలబడితే ఎవరికైనా కోపం రాదా? వెనక కాళ్ల మీద లేచింది.

"కా... కాల్చు!" అన్నాడు భుజంగరావు కాటా మీద నుంచే.

"పెట్టె విప్పాలండి. సాక్షులు సంతకం సెయ్యాలండి" అన్నాడు వల్లభుడు. ఎలుగుకీ వాడికీ మధ్య ఎనిమిది అడుగుల దూరం ఉంటుంది.

"పైగా ఇది నూట ఇరవై కిలోలది సర్" అన్నాడు ఎలుగుల నిపుణుడు జీపు వైపు వెనక్కి నడుస్తూ. "మన తూటా దీనికి కాదు."

కొడుక్కీ ఎలుగుకీ మధ్య ఉన్న ఎనిమిది అడుగుల నేల తప్ప దమయంతికి ఇంకేమీ కనబడలేదు. కొంగు కింద నుంచి డబ్బా తీసింది. కర్ర కోసం చూడలేదు, అరచేత్తోనే బాదింది. "ఓలమ్మో! వస్తన్నామర్రా! తప్పుకోండి! తప్పుకోండి!" నిషేధించిన నెల రోజుల చప్పుడంతా ఒక్కసారే ఆ డబ్బాలోంచి బయటికి వచ్చింది.

నల్లోడు ఆగింది. చెవులు కదిపింది. అది దానికి తెలిసిన మాటే. ముందు కాళ్ల మీదికి దిగి, పనసపండులో మిగిలిన ముక్కను నోట కరుచుకుని, పొదల్లోకి నడిచిపోయింది. పరిగెత్తను కూడా లేదు.

దమయంతి ఇంకా బాదుతూనే ఉంది. వల్లభుడు వచ్చి చేయి పట్టుకుంటే గానీ ఆగలేదు. చేయి ఎర్రగా వాచిపోయింది. వాడి తల, భుజాలు, వీపు తడిమి చూసుకుని, అప్పుడు ఏడ్చింది.

"పెద్దసారేరీ?" అన్నాడు వల్లభుడు.

భుజంగరావు జీడిచెట్టు నడికొమ్మ మీద ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదు. చెట్టు కింద త్రినాథరావు ప్రశాంతంగా రాస్తున్నాడు.

ఆ రాత ఎలా ఉందో వారం తర్వాత అందరికీ తెలిసింది. కాపీ పద్ధతి ప్రకారం ప్రధాన కార్యాలయానికి వెళ్లింది. అక్కడివాళ్లు తోట చూడలేదు, భుజంగరావును చూడలేదు. కాటా ఎక్కిన ప్రాణి ఎనభై నాలుగు కిలోలని ఉన్న కాగితం చూశారు. చూసి, వల్లభరావు పేరు మీదే నేరుగా ఉత్తర్వు పంపారు. దమయంతి దాన్ని అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి, ఒక్కొక్క మాటే చదివింది.

"తమ తోటయందు ఎనభై నాలుగు కిలోల సగటు జంతువును కనుగొని, నిపుణులిద్దరి ఎదుట తూచినందులకు అభినందనలు. ఎలుగును చూచి సదరు జంతువు మిక్కిలి వేగముగా చెట్టు ఎక్కినట్లు నివేదికవలన తెలియుచున్నది. కావున గురి పైకి ఉంచవలెను. పదిహేను దినములలోగా సదరు జంతువుపై తూటా ప్రయోగించి ఫలితము తెలుపనియెడల షూటరు తొలగించబడును. పెట్టె ముద్రలు విప్పుటకు ఇందుమూలముగా అనుమతి ఇవ్వడమైనది."

చదవడం పూర్తయ్యేసరికి దమయంతికి చెమటలు పట్టాయి. ఇన్నాళ్లూ ఆమె భయం కొడుకు చస్తాడని. ఇప్పుడు వాడు చంపాలట. చంపకపోతే ఉద్యోగం పోతుంది, చంపితే ఉరి పడుతుంది. ఇంత దూరం ఆమె భయం కూడా ఎప్పుడూ వెళ్లలేదు. సర్కారువాళ్లు చదువుకున్నవాళ్లు కదా, భయంలో కూడా తనకంటే ముందున్నారు అనుకుంది.

వల్లభుడు ఇంట్లో లేని సమయం చూసి ముద్రల పెట్టె కొంగున కట్టుకుని, కాగితం రవికలో దోపుకుని, డబ్బా చంకన పెట్టుకుని ఆఫీసుకు బయలుదేరింది. ఈసారి తలుపు దగ్గర నిలబడలేదు, లోపలికే వెళ్లింది. భుజంగరావు కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. కిటికీ తలుపు మూయమన్నాడు.

"దిద్దించీండి బాబూ" అంది దమయంతి. "అది జంతువు కాదు, మీరేనని రాసీండి."

భుజంగరావు గోడ మీద అద్దంలోని ఉత్తర్వు కేసి చూశాడు. కొట్టివేతలు, దిద్దుబాట్లు నిషేధం. కింద ఆయన సంతకమే.

"పోనీ మీరు పదిరోజులు గంజి తాగండి బాబూ. ఎనభై నాలుగు తగ్గిపోతే ఇక మీరు అది కారు కదా?"

జింకల నిపుణుడు అక్కడే ఉన్నాడు. మెడ చాచి, గంభీరంగా తల అడ్డంగా ఊపాడు. "కుదరదమ్మా. బరువు తగ్గితే సార్ జింక కిందికి వస్తారు. పెరిగితే ఎలుగు కిందికి వస్తారు. రెండింటినీ కాల్చే అనుమతి ఉంది."

భుజంగరావు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. గొంతులో ముద్రలు, సంతకాలు ఏవీ మిగల్లేదు. "మీ అబ్బాయి... మంచివాడేనా అమ్మా?" అన్నాడు.

"మంచోడే బాబూ. పై నుంచి ఏ కాగితమొచ్చినా అలగే సేసీసే రకం. అదే నా భయం."

ఆ మాట ఆమె బెదిరించడానికి అనలేదు. నిజంగానే భయపడి అంది. నిజంగా భయపడ్డ మనిషి మాటకు ఆఫీసులో ఉండే బలం ఎంతో ఆమెకు అప్పుడే తెలిసింది. భుజంగరావు గబగబా కాగితం లాక్కున్నాడు.

"తూటా లేకపోతే ప్రయోగం లేదు" అన్నాడు. "తూటాను వెనక్కి పంపితే?"

"పంపీండి" అని దమయంతి కొంగు విప్పి పెట్టె బల్ల మీద పెట్టింది. "తుపాకీ కూడా. తూటా లేని తుపాకీ ఆడికెందుకు బాబూ? భుజానికి బరువు, పనికి సేటు."

"మరి షూటరు దేనితో తిరుగును?"

ఆమె చంకలోని డబ్బా తీసి, పెట్టె పక్కనే పెట్టింది. సొట్టలు పడ్డ డబ్బా. ఒక పక్క ఆమె అరచేతి గుర్తు ఇంకా ఉంది. భుజంగరావు దానికేసి చాలాసేపు చూశాడు. చెట్టు కొమ్మ మీద నుంచి తాను విన్న చప్పుడు గుర్తొచ్చిందో ఏమో, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా రాశాడు. తూటా అనువైనది కాదని తేలినందున వెనక్కి పంపడమైనదని, వేరొక తూటా ఎంపికయ్యేవరకు షూటరు డబ్బా ధరించి తిరగవలెనని, తోటల్లో చప్పుడు మీద నిషేధం తక్షణం రద్దని.

"కాల్చమన్న ఉత్తర్వు కూడా రద్దు సేసీండి బాబూ."

"అది పైవారిది. దానిని రద్దు చేయుటకు సంఘము సమావేశము కావలెను. సంఘమునకు అధ్యక్షుడను నేను. సమావేశమైనచో త్రినాథరావు వచ్చును" అని భుజంగరావు తల పట్టుకున్నాడు. "వద్దు. అది అట్లే ఉండనీ."

కాబట్టి అది అట్లే ఉంది. సగటు జంతువును కనబడిన చోట కాల్చమన్న ఉత్తర్వు ఈ రోజుకీ అమల్లో ఉంది. కాల్చడానికి తూటా మాత్రం లేదు. ప్రధాన కార్యాలయం ఇంకో తూటా కోసం ఇంకో సంఘం వేసిందని, ఈసారి సగటులో అడవిపందిని కూడా కలుపుతున్నారని విన్నారు. అది కలిస్తే అంకె ఎంతకు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆఫీసులో బొద్దుగా ఉన్నవాళ్లందరూ ఆ ముక్క విన్నప్పటి నుంచి ఎవరూ చూడకుండా కాటా ఎక్కి దిగుతున్నారు.

పనసలపాడులో డబ్బాలు మళ్లీ మోగుతున్నాయి. దమయంతి పొద్దున్నే అరుగు మీద కూర్చుని వింటుంది. భయం పూర్తిగా పోలేదు, పోతే అది దమయంతి కాదు. వల్లభుడు నీళ్లు తాగడానికి ఆగినా, చప్పుడు ఆగిన ఆ రెండు నిమిషాలూ ఆమె ఊపిరి కూడా ఆగుతుంది. మళ్లీ డబ్‌డబ్‌మనగానే జీడిపిక్కల చాట ముందుకు లాక్కుంటుంది.

గురువారం గురువారం తోటలో రెండో డబ్బా కూడా మోగుతుంది. భుజంగరావు తనిఖీకి వచ్చే రోజు అది. చెట్ల మధ్య నడుస్తున్నంతసేపూ ఆయన చేతులు ఆగవు. మొదట్లో కాంతమ్మ ఆ రెండు చప్పుళ్లనీ కలిపేసి, "ఏదే మీవోడిది?" అని అడిగేది.

"నెమ్మదిగా కొట్టేది మావోడొదినా" అనేది దమయంతి. "ఆడికి నల్లోడంటేనే భయం. ఆ రెండోది ఇను."

ఇద్దరూ చెవి ఒగ్గేవారు. తోట ఆ చివర నుంచి పిచ్చిపట్టినట్టు రేకు మోత, దాని మీద ముద్రలన్నీ ఊడిపోయిన గొంతు. "వస్తన్నానర్రా! వస్తన్నాను! మనిషినే! మనిషినే!"